తేట

ఇల్లు కొన్నప్పుడు
పదకొండో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది కట్ట.
"వంటగదిలోంచి చెరువు కనబడుతుంది" అన్నాడు ఏజెంటు.
చెరువును ఏది పట్టుకుని ఉందో చెప్పలేదు.
నేనూ అడగలేదు.

వెర్మాంట్ కొండల్లో, నార్త్ హార్లోలో,
నూట నలభై అడుగుల మట్టికట్ట.
కుర్చీ కాళ్ళు చెక్కే మిల్లు కోసం
ఎవరో ఎడ్లతో తొక్కించి కట్టారట.
మిల్లు తగలబడి ఎనభై ఏళ్ళు.
ఇక ఇంటికెళ్ళమని ఎవరూ చెప్పని కాపలావాడిలా
కట్ట మాత్రం నిలబడే ఉంది.

మే నెలలో రాష్ట్రం తరపున వచ్చింది లొరెట్టా పెల్కీ.
మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, చేతిలో ఇనుప చువ్వ.
డాక్టరు పొట్ట నొక్కి చూసినట్టు
అడుగడుక్కీ పొడిచి చూసింది.
నొప్పెక్కడో కట్ట చెప్పలేదు.
తూము చక్రం పట్టి తిప్పబోతే కదల్లేదు.
"చివరిసారి ఎప్పుడు తిప్పారు?"
తూము గది తలుపు లోపలివైపు
ఈనస్ టటిల్ అనే పాత యజమాని
పెన్సిలుతో రాసుకున్న ఆఖరి తారీకు
నేను పుట్టకముందుది.

"ఆ బర్చ్ చెట్లు కొట్టేయాలి."
కట్టమీద ఏడు తెల్లటి చెట్లు. వాటిని చూసే ఇల్లు కొన్నాను.
"వేళ్ళు మట్టిని పట్టుకుని ఉంటాయి కదా?"
"బతికున్నంతకాలం. చచ్చాక
కుళ్ళిన వేరంటే గొట్టమే."

కట్ట కిందివైపు ఫెర్న్ మొక్కల మధ్య వంగింది.
అరచెయ్యంత తడి. ఊట.
"అన్ని కట్టలూ కారతాయి" అంది, వేలు ముంచి చూసుకుంటూ.
"తేటగా వస్తే పోతున్నది నీళ్ళు.
మడ్డిగా వస్తే
పోతున్నది కట్ట."

ఆ రోజునుంచీ కాఫీకి ముందు జామ్ సీసా.
ఊట పట్టి, కిటికీ వెలుగుకి ఎత్తి, నోటుబుక్కులో ఒక మాట:
తేట. తేట. తేట.
కింద వంపులో కూట్యూర్ వాళ్ళ నీలం ట్రెయిలరు,
గెంతే ట్రాంపొలీను,
ఏడూ పదికి స్కూలు బస్సుకోసం నిలబడే పిల్ల.
ఇన్నాళ్ళూ నాకు అవి దూరంగా కనబడే రంగులు.
ఇప్పుడు లెక్కపెడుతున్నాను:
ముగ్గురు మనుషులు, రెండు కుక్కలు, నడకన నాలుగు నిమిషాలు.
నీళ్ళ నడకన ఎంతో లొరెట్టాని అడగలేదు.

బాగుచెయ్యడానికి ఎనభయ్యారు వేల డాలర్లు.
చెరువు చుట్టూ ఉన్నవాళ్ళు మీటింగు పెట్టి
చెరువెంత అందమో ఒకరికొకరు చెప్పుకున్నారు.
కేకు బావుంది.
చందా పళ్ళెంలో నలభై డాలర్లు, ఒక కోటు గుండీ.

జులైలో రెండు రాత్రులు వాన.
అలుగు నోట్లో బీవరు పేర్చిన కొమ్మలు.
నడుం లోతు నీళ్ళలో నేను పంటికొయ్యతో లాగుతుంటే
పిలవకుండానే లాంతరు వచ్చింది, వెనక డెల్ కూట్యూర్.
తెల్లారేదాకా లాగాం. ఒక్క మాటా లేదు.
అప్పుడు సీసా ఎత్తాను.
పాలు కడిగిన గిన్నె నీళ్ళలా.

"పిల్లని తీసుకుని వెళ్ళిపో" అన్నాను.
వెళ్ళాడు, బూట్లు చేత్తో పట్టుకుని.
లొరెట్టాకి ఆ తర్వాతే ఫోన్ చేశాను.

తూముకి నాలుగు రోజులు నూనె పోశాం,
తిట్లు పోశాం.
ఐదోరోజు ముసలి పశువులా మూలిగి తిరిగింది చక్రం.
చెరువు ఆరడుగులు దిగింది.
నల్లటి బురదలో వందలకొద్దీ కుర్చీ కాళ్ళు,
వంకరపోయినవీ, పగిలినవీ,
మిల్లువాళ్ళు పనికిరావని విసిరేసినవి.
పిల్ల ఒకటి ఏరుకుని కడుక్కుంది.
దేనికని అడిగితే భుజాలెగరేసింది.

చెట్లు కొట్టించాను. ఏడూ.
చెరువు మళ్ళీ నింపాలా, కట్ట తీసేయాలా
ఇంకా తేల్చుకోలేదు. అప్పు కాగితాలు బల్లమీదున్నాయి.
తలుపు మీద టటిల్ తారీకు కింద
నా తారీకు రాశాను, పెన్సిలుతోనే.

ఈ ఉదయం మబ్బు. వెలుగు చాల్లేదు.
సీసా ఎత్తి చాలాసేపు చూశాను.
తేటగానే ఉంది,
అనుకుంటాను.